ముందు కరెంటు, తర్వాతే కన్ను

సంపాదకుల వారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది. చోటు చాలకపోతే మా ఇంటి సంగతులు కోసేయండి, కరెంటు సంగతులు మాత్రం ఉంచండి.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న గీత గీసినప్పుడు మా ఊరు ఇటు ఒరిస్సాలో పడింది, మా తాతగారి అత్తవారి ఊరు అటు ఉండిపోయింది. మీ పేపరు మాకు పాతపట్నం నుంచి ఆటోలో వస్తుంది. వాన లేకపోతే ఆరున్నరకి, వాన పడితే ఆటోవాడి దయ. నేను కరెంటు డిపార్టుమెంటులో హెల్పరుగా చేరి, లైన్‌మేన్‌నై, ముప్పై మూడేళ్ళు స్తంభాలెక్కి 2019లో దిగాను. వాడుక భాషలో రాయమని గిడుగు రామమూర్తి గారు పోట్లాడిన ఊరు కాబట్టి నేను మాట్లాడినట్టే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మొన్న మీ ఆరోగ్యం పేజీలో కంటి కదలికల మీద ఒక వ్యాసం వేశారు. బాగానే ఉంది. కానీ అందులో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కన్ను వేగంగా కదిలినప్పుడు ఆ కదలికకి కంటి కండరాల్లో విద్యుత్తు పుడుతుందని రాశారు. అయ్యా, అది తిరగేసి రాశారు. కదలిక వల్ల కరెంటు పుడితే అది డైనమో. కరెంటు వల్ల కదలిక పుడితే అది మోటారు. కంటి కండరం మోటారు. ముందు కరెంటు వస్తుంది, తర్వాతే కన్ను కదులుతుంది. ఈ ముందు వెనకల తేడా ఎంతంటే కొన్ని మిల్లీసెకన్లే. అంత చిన్నదానికి ఉత్తరం దేనికని మీరనుకోవచ్చు. దానికి మా ఆవిడ సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కిందట నేను మీకు ఒక ఫిర్యాదు ఉత్తరం రాసి, కవరు అంటించి, స్టాంపు కూడా వేశాను. పోస్టులో వెయ్యలేదంతే. అందులో ఉన్నది ఒకటే సంగతి, మీ పేపర్లో అక్షరాలు రెండేసి అచ్చవుతున్నాయని. చెప్పింది మా ఆవిడ. ఆవిడకి పేపరు పొద్దున్న హెడ్డింగులు, సాయంత్రం అన్ని పనులూ అయ్యాక అసలు చదువు. ఒకనాటి సాయంత్రం అరుగు మీద కూర్చుని, "ఏటండీ, ఈ పేపరోళ్ళు ఒక లైను మీద ఇంకో లైను అచ్చేస్తన్నారేటి?" అంది. నేను చూశాను, నాకు బాగానే ఉంది. "నీకు చత్వారం" అన్నాను. నలభై ఏళ్ళ కాపురంలో ఇలాంటి మాటలు నోట్లోంచి వాటంతట అవే వచ్చేస్తాయి.

కళ్ళజోడు మార్చాం. వారం తిరక్కుండా మళ్ళీ అదే మాట. ఇంకో షాపులో ఇంకో జోడు. ఒక డాక్టరు గారు వయసన్నారు, ఇంకొకరు షుగరేమో చూపించమన్నారు. షుగరు లేదు. మూడో జోడు కూడా కొన్నాక నాకు కోపం వచ్చి, అయితే తప్పు పేపరుదే అని తేల్చుకుని మీకు ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం చదివి చూసి ఆవిడే అంది, "పొద్దున్న ఇదే పేపరు బాగుందండీ. పొద్దున్న ఒకటున్న అక్షరం సాయంత్రానికి రెండెలాగవుద్ది?"

నిజమే కదా. అచ్చయిన కాగితం మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని లేచి మారిపోదు. ఉత్తరం బీరువాలో పెట్టేశాను.

తర్వాతి సంగతి కూడా ఆవిడే పట్టుకుంది. కనకాంబరాలు మాల కడుతుంటే చెమట కంట్లో పడి ఒక కన్ను మూసుకుంది. మూసుకున్నంతసేపూ దారం ఒకటే కనిపించింది. తెరవగానే రెండు. ఆ కన్ను తెరిచి ఈ కన్ను మూసినా ఒకటే. అంటే ఏ కంటికా కన్ను బాగానే చూస్తోంది, రెండూ కలిసి ఒక చోటుకి తిరగడంలోనే తేడా. ఇది కళ్ళజోడు పని కాదని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. రెండు ఫేజులూ విడివిడిగా బాగుండి, కలిపితే తేడా చూపిస్తే బల్బు మార్చి లాభం లేదు, లైనులో ఎక్కడో వెతకాలి. ఈలోగా ఎడమ రెప్ప కూడా సాయంత్రమయ్యేసరికి వాలిపోవడం మొదలైంది. వీధిలో వాళ్ళు మా ఆవిడ నిద్రపోతూ నడుస్తోందనుకున్నారు.

పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి నరాల డాక్టరమ్మ ముందు ఏ మిషనూ పెట్టలేదు. "పైకప్పు వైపు చూస్తూ ఉండండమ్మా, నేను చెప్పేదాకా దించకండి" అంది. నిమిషం గడిచేలోగా ఎడమ రెప్ప షట్టరులా మెల్లగా కిందికి వచ్చేసింది. తర్వాత రబ్బరు గ్లోవులో ఐసు ముక్కలు వేసి ముడేసి ఆ రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టింది. తీసేసరికి రెప్ప పైకి లేచింది. నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మరు చల్లబడితే మళ్ళీ పనిచేసినట్టు ఉంది. జబ్బు పేరు మయస్తీనియా గ్రావిస్ కావచ్చు, అంటే వాడేకొద్దీ కండరాలు నీరసించిపోయే జబ్బు, పరీక్ష చేసి చూద్దామన్నారు.

ఆ పరీక్ష గదిలోనే నాకు ఈ ముందు వెనకల సంగతి తెలిసింది. కండరానికి వెళ్ళే నరానికి సెకనుకి మూడు చొప్పున చిన్న చిన్న షాకులిచ్చి, కండరం బదులిచ్చే కరెంటు తెర మీద గీతలుగా చూస్తారు. మామూలు మనిషికి గీతలన్నీ ఒకే ఎత్తు. మా ఆవిడకి మొదటి గీత పొడుగు, రెండోది తగ్గింది, నాలుగోది ఇంకా పొట్టి. మొదటిదానికన్నా పదో వంతుకి మించి తగ్గితే లెక్కలోకి తీసుకుంటారట. ఆవిడది అంతకన్నా బాగా పడింది. ఇచ్చే షాకు ఒకటే, అందే బదులు తగ్గిపోతోంది. లైను చివరి ఇంటికి వోల్టేజి పడిపోయినట్టు.

అక్కడి మిషను కుర్రాడు ఒడియా అబ్బాయి, నన్ను మౌసా అని పిలిచేవాడు. నేను కరెంటు మనిషినని తెలిసి హుషారొచ్చింది అతనికి. డాక్టరమ్మ భోజనానికి వెళ్ళినప్పుడు నా రెండు కళ్ళ పక్కనా జిగురు బిళ్ళలు అంటించి, "కుడివైపు చూడండి మౌసా" అన్నాడు. తెర మీద గీత పైకి లేచింది. ఎడమవైపు చూస్తే కిందికి దిగింది. కండరాల కరెంటే ఇది అనుకున్నాను. అతను నవ్వి కాదన్నాడు. కనుగుడ్డే ఒక చిన్న బ్యాటరీ. ముందున్న కార్నియా ప్లస్సు, వెనకున్న రెటీనా వైపు మైనస్సు. ఈ సంగతి 1849లోనే జర్మనీలో దు బోయ్ రేమాన్ అనే ఆయన కనిపెట్టాడు. గుడ్డు కుడికి తిరిగితే ప్లస్సు కొస కుడి బిళ్ళకి దగ్గరవుతుంది, గీత లేస్తుంది. గుడ్డు తిరిగితేనే ఈ గీత మారుతుంది కాబట్టి ఇది కదలికని చూపించే కరెంటు. కండరాన్ని కదిలించే కరెంటు వేరు. దాన్ని సూటిగా చూడాలంటే సన్నటి సూది కండరంలోకే దింపాలి. మీ వ్యాసంలో ఈ రెండూ కలిసిపోయాయని నా నమ్మకం. బ్యాటరీ కరెంటు కదలికతోపాటు మారుతుంది, మీరు రాసింది దానికైతే కొంతవరకు సరిపోతుంది. కండరాల మాట అంటే మాత్రం తప్పే.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చదువుతున్న మా మేనకోడల్ని పట్టుకున్నాను. అది సెలవులకి వచ్చినప్పుడల్లా పుస్తకం తెరిచి చదివి చెప్పేది, నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. "మావయ్యా, పరీక్ష నాకా నీకా?" అని విసుక్కునేది. ఆ నోటుబుక్కులోంచే ఇప్పుడు రాస్తున్నాను.

ఒక్కో కంటికి ఆరు కండరాలు. నాలుగు తిన్నగా లాగేవి, రెండు ఏటవాలుగా లాగేవి. వీటికి కరెంటు తెచ్చే నరాలు మూడు జతలు. ఒంట్లో మిగతా కండరాలతో పోలిస్తే ఈ వైరింగు మరీ సన్నం. పిక్కలో ఒక్కో నరపు పోగు వెయ్యికి పైబడిన కండర పోగుల్ని కదిలిస్తుంది. కంట్లో ఒక్కో నరపు పోగు కింద ఉండేవి పది, ఆ చుట్టుపక్కల. అంటే పిక్కకి ఊరంతటికీ ఒకటే స్విచ్చు, కంటికి గది గదికీ స్విచ్చు.

మనం చూపు తిప్పడం ఫ్యాను తిరిగినట్టు నున్నగా జరిగేది కాదు. ఒక చోట ఆగి, చటుక్కున ఇంకో చోటుకి గెంతి, మళ్ళీ ఆగుతుంది. చదివేటప్పుడూ అంతే. ఒక చోట సెకనులో నాలుగో వంతు ఆగడం, గెంతడం. మీ పేపరు ఒక కాలమ్ చదివేసరికి కన్ను ఎన్ని వందల గెంతులు వేస్తుందో లెక్క కట్టుకోండి. ఈ గెంతుని సకేడ్ అంటారు. ఫ్రెంచి మాట, కుదుపు అని అర్థం. చదువుతున్నప్పుడు కళ్ళు ఇలా గెంతుతాయని 1879లో పారిస్ నుంచి రాసిన కంటి డాక్టరు జావాల్, తర్వాత గ్లాకోమాతో చూపు పోగొట్టుకున్నాడట. అది విని మా ఆవిడ పాపం అంది.

ఒక పది డిగ్రీల గెంతు, అంటే చెయ్యి చాచినప్పుడు పిడికిలి ఎంత కనిపిస్తుందో సుమారు అంత, పూర్తవడానికి 45 మిల్లీసెకన్లు పడుతుంది. మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు, ఒక్కో సైకిలు 20 మిల్లీసెకన్లు. కాబట్టి రెండు సైకిళ్ళు దాటి మూడో సైకిలు మొదట్లోనే ఆ గెంతు అయిపోతుంది. పెద్ద గెంతుల్లో కన్ను సెకనుకి 500 డిగ్రీల వేగం కూడా అందుకుంటుంది. ఇక ముందు వెనకల సంగతి. కంటి కండరానికి వెళ్ళే నరంలో కరెంటు జోరందుకోవడం, కన్ను కదలడానికి 5 నుంచి 8 మిల్లీసెకన్ల ముందు. అర సైకిలు కూడా లేదు. అయినా ముందు ముందే.

ఆ వచ్చే కరెంటు తీరు చూడండి. ఇక్కడే నేను కుర్చీలోంచి లేచాను. ఏ వైపు తిరగాలో ఆ వైపు కండరానికి మొదట ఒక్కసారిగా పెద్ద జోరు వస్తుంది. సెకనుకి కొన్ని వందల పల్సులు. కన్ను అక్కడికి చేరేసరికి ఆ జోరు ఆగి, ఒక నిలకడైన చిన్న కరెంటు మిగులుతుంది. పొలంలో పంపుసెట్టు ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. డైరెక్టు స్టార్టరు మీద మోటారు వేస్తే మొదట ఫుల్‌లోడు కరెంటుకి ఐదారు రెట్లు లాగి, తిరగడం మొదలయ్యాక మామూలుకి దిగుతుంది. స్టార్టింగు కరెంటు, రన్నింగు కరెంటు. కంటికీ అవే రెండు. గుడ్డు చుట్టూ మెత్తటి కొవ్వు, కణజాలం ఉంటాయి. వాటిలోంచి అంత వేగంగా లాక్కుపోవడానికి మొదటి జోరు కావాలి. చేరాక మళ్ళీ వెనక్కి జారకుండా పట్టుకోవడానికి రెండోది కావాలి. మొదటిది బలహీనమైతే కన్ను మెల్లగా పాకుతుంది. రెండోది చాలకపోతే గెంతిన కన్ను నడిమికి జారిపోతుంది.

పోలిక పూర్తిగా కుదరదని కూడా చెప్పాలి, లేకపోతే మీ పాఠకుల్లో ఇంజనీర్లు నన్ను పట్టుకుంటారు. మోటారు ఆగి ఉంది కాబట్టి ఎక్కువ లాగుతుంది, అది ముందే లెక్క వేసుకుని లాగదు. మెదడు లెక్క వేసి పంపుతుంది. చిన్న గెంతుకి జోరు కాసేపే, పెద్ద గెంతుకి ఇంకాసేపు. దారి మధ్యలో కన్ను చూసి సరిదిద్దుకునే వీలు లేదు, చూసింది మెదడుకి చేరేలోగా గెంతు అయిపోతుంది. అంతా బయల్దేరే ముందే తేలిపోవాలి. అద్దం ముందు నిలబడి మీ ఎడమ కంటిని, తర్వాత కుడి కంటిని చూసుకోండి, మార్చి మార్చి చూసుకోండి. మీ కళ్ళు కదలడం మీకు కనిపించదు. పక్కనున్నవాళ్ళకి కనిపిస్తుంది. మా మనవడు ఈ ఆట పట్టుకుని వారం రోజులు అద్దం వదల్లేదు.

ఈ స్టార్టింగు, రన్నింగు కరెంటు లెక్క 1964లో తేల్చినవాడు అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు డేవిడ్ రాబిన్సన్. ఆయన చదువు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. నాకు భలే సంతోషమేసింది. అంతకు ముందు ఏడాది ఆయనే కంటి కదలిక కొలవడానికి ఇంకో ఉపాయం చేశాడు. కంటి మీద అతికే చిన్న తీగ చుట్ట పెట్టి, మనిషిని అయస్కాంత క్షేత్రంలో కూర్చోబెట్టడం. కన్ను తిరిగితే చుట్టలో పుట్టే వోల్టేజి మారుతుంది. ట్రాన్స్‌ఫార్మరులో జరిగేదే, కంటి మీద జరిపించాడు. అంతకన్నా ముందే, 1953లో, స్వీడన్‌లో బ్యోర్క్, కుగెల్‌బెర్గ్ అనే ఇద్దరు మనుషుల కంటి కండరాల్లోకి సూదులు దింపి కరెంటు చూశారు. మెలకువగా ఉన్నంతసేపూ కంటి కండరాలు ఊరికే ఉండవని, తిన్నగా చూస్తున్నప్పుడు కూడా వాటిలో కరెంటు నడుస్తూనే ఉంటుందని వాళ్ళు రాశారు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే చేతి కండరం ఊరుకుంటుంది. కంటికి ఆ సుఖం లేదు.

ఇంకొక్క ముక్క. కుడికి లాగే కండరానికి జోరు వచ్చేటప్పుడు, ఎడమకి లాగేదాని కరెంటు ఆగిపోతుంది. రెండూ ఒకేసారి లాగితే కన్ను ఎటూ పోదు. ముందుకీ వెనక్కీ తిరిగే మోటారుకి రెండు స్విచ్చులూ ఒకేసారి పడకుండా వాటి మధ్య ఇంటర్‌లాకు పెడతాం చూడండి, అదే. ఇలా ఒకటి బిగిస్తే ఎదుటిది వదలడమన్న సూత్రం తేల్చిన షెరింగ్టన్‌కి 1932లో నోబెల్ వచ్చింది. వీటన్నిటి మీదా మెదడు కాండంలో ఒక బ్రేకు ఉంది. అక్కడి కొన్ని నరకణాలు చూపు నిలకడగా ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటాయి, గెంతుకి ఒక్క క్షణం ముందు నోరు మూసుకుంటాయి, గెంతు అయ్యాక మళ్ళీ మొదలు. అవి మోగుతున్నంతసేపూ స్టార్టింగు కరెంటు బయల్దేరదు. మా భాషలో చెప్పాలంటే, లైను క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోమని ఇచ్చిన అనుమతి, తిరిగిచ్చేదాకా సబ్‌స్టేషనులో స్విచ్చు వెయ్యరు. స్తంభం మీద మనిషి ఉన్నాడు.

ఈ కండరాల కరెంటు చిన్నదే కానీ బయటికి పొక్కుతుంది. గెంతు మొదలయ్యే వేళకి తల మీద పెట్టిన బిళ్ళల్లో ఒక సన్నటి ముల్లులాంటి గీత వస్తుంది. మెదడు తరంగాలు కొలిచేవాళ్ళకి ఇది తలనొప్పి. తల మీద కొలిచి, ఆలోచనల తరంగాలని చాలామంది అనుకున్నవాటిలో కొన్ని నిజానికి కంటి చిన్న చిన్న గెంతుల ముల్లేనని 2008లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు. నాకిది కొత్తగా అనిపించలేదు. మేం ఆపేసిన లైనుకి టెస్టరు పెడితే వెలుగుతుంది ఒక్కోసారి. పక్కన నడుస్తున్న లైను ఇండక్షను అది. ఈ లైను బతికుందనుకుంటే పొరపాటు, చచ్చిందనుకుని ఎర్తు వెయ్యకుండా ముట్టుకుంటే అంతకన్నా పెద్ద పొరపాటు.

మీ వ్యాసంలో నిద్రలో కళ్ళు కదలడం గురించి రాసింది బాగుంది. దాన్ని 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ కనిపెట్టాడని రాశారు. ఆయన ఆ బిళ్ళలు తన ఎనిమిదేళ్ళ కొడుకు కళ్ళ పక్కన అంటించి రాత్రంతా గీతలు తీశాడని కూడా రాసి ఉంటే ఇంకా బాగుండేది. ఆ నిద్రలో కాళ్ళూ చేతులూ వదిలేసినట్టు పడుంటాయి, కంటి కండరాలకి మాత్రం కరెంటు ఆగదు. సరే, అది అలా ఉంచండి.

మా ఆవిడకి వచ్చిన తేడా ఎక్కడంటే, మెదడులో కాదు, నరంలో కాదు, కండరంలోనూ కాదు. జాయింటులో. నరం కొసకీ కండరానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. కరెంటు ఆ సందు దాటలేదు. అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసం విడుదలై, అవతలి గట్టున దాన్ని అందుకునే గ్రాహకాల మీద పడితే కండరంలో మళ్ళీ కరెంటు పుడుతుంది. మయస్తీనియాలో రోగాలని ఎదిరించడానికి మన ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలే ఆ గ్రాహకాల్ని పాడుచేస్తాయి. పొద్దున్న సరుకు నిండుగా ఉంటుంది కాబట్టి ఉన్న కాసిని గ్రాహకాలతో పని జరిగిపోతుంది. వాడేకొద్దీ ఒక్కో పల్సుకి వచ్చే రసం తగ్గి, సాయంత్రానికి చాలదు. పై నుంచి సప్లయి సరిగ్గానే వస్తోంది, లూజు కాంటాక్టు దగ్గర పోతోంది. సెకనుకి వందల పల్సులతో, ఎప్పుడూ ఆగకుండా పనిచేసే కంటి దగ్గరే ఇది ముందు బయటపడటంలో వింతేముంది? ఈ జబ్బు సగానికి పైగా మందిలో కళ్ళతోనే మొదలవుతుంది.

అందుకే ముందు కరెంటు, తర్వాత కదలిక అని నేను ఇంత పట్టుబట్టేది. కదలిక వల్ల కరెంటు అనుకుంటే, కన్ను కదలడం లేదు కాబట్టి కంటిలోనే ఏదో తేడా అనుకుని కళ్ళజోళ్ళు మారుస్తూ కూర్చుంటాం. మేం కూర్చున్నాం, ఏడు నెలలు. కరెంటు ముందు అని తెలిస్తే, పై నుంచి కిందికి లైను వెంట నడుచుకుంటూ వచ్చి ఎక్కడ తెగిందో చూస్తాం.

ఇదే జాయింటు గురించి ఇంకో సంగతి మా జిల్లావాళ్ళ కోసం రాయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గుమ్మ వైపు స్తంభాలు గడ్డిపోచల్లా పడిపోయాయి. మా గ్యాంగు ఒక కొండ ఊళ్ళో బడి వరండాలో కింద పడుకున్నాం. తెల్లారాక మాతో ఉన్న ఒక కుర్రాడు లేవలేక లేచాడు. రెప్పలు వాలిపోతున్నాయి. "నిద్ర చాల్లేదన్నా" అంటున్నాడు, మాట ముక్కులోంచి వస్తోంది. పడుకోబెట్టేద్దాం అనుకున్నాం. ఆ ఊరి సవర ముసలాయన ఒకాయన వచ్చి, వాడి మొహం చూసి, రెప్ప ఎత్తి వదిలి, పాము అన్నాడు. ఎక్కడా గాటు కనిపించలేదు, నొప్పి లేదు. కట్లపాము, ఒడియా వాళ్ళు చితి సాపు అంటారు. అది రాత్రి పూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, చాలాసార్లు కరిచినట్టు కూడా తెలియదు. దాని విషం నరం కొసల్ని పాడుచేస్తుంది, నాగుపాము విషం అవతలి గ్రాహకాల్ని మూసేస్తుంది. రెండిట్లోనూ ముందు పడేది కంటి రెప్ప, తర్వాత ఊపిరి. కుర్రాణ్ణి జీపులో వేసుకుని పరిగెత్తాం. విషానికి ఇంజక్షన్లు ఇచ్చి, ఊపిరికి మిషను పెట్టారు. బతికాడు. ఇప్పటికీ పండగలకి ఫోను చేస్తాడు.

ఆ తర్వాత ఎప్పుడో మా మేనకోడలు చదివి చెప్పిన మాట విని నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మయస్తీనియాలో గ్రాహకాలు తగ్గిపోతాయని 1973లో తేల్చింది పాము విషంతోనేనట. తైవాన్ వైపు ఉండే కట్లపాము జాతి విషంలో ఒక పదార్థం ఆ గ్రాహకాలకే వెళ్ళి అతుక్కుంటుంది. దానికి రేడియోధార్మిక గుర్తు పెట్టి, రోగి కండరంలో ఎంత అతుక్కుందో లెక్కపెడితే, ఎన్ని గ్రాహకాలు మిగిలాయో తెలిసిపోయింది. ఆ కుర్రాడి రెప్పా, మా ఆవిడ రెప్పా ఒకే జాయింటు దగ్గర వాలాయి.

మా ఆవిడ ఇప్పుడు పిరిడోస్టిగ్మిన్ అనే 60 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకి నాలుగు వేసుకుంటుంది. అది ఎసిటైల్‌కోలిన్‌ని విరిచేసే ఎంజైముని ఆపుతుంది, దాంతో ఉన్న రసమే కాసేపు ఎక్కువ నిలుస్తుంది. వేసుకున్న అరగంట, ముప్పావుగంటకి రెప్ప లేస్తుంది, మూడు నాలుగు గంటలు ఉంటుంది. ఛాతీ స్కాను కూడా తీశారు, ఈ జబ్బుతో సంబంధం ఉండే థైమస్ గ్రంథి అక్కడే ఉంటుంది, దాన్ని చూడాలని. కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ జబ్బుని ముదరబెడతాయి కాబట్టి, జ్వరమొచ్చి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు జబ్బు పేరు చెప్పమన్నారు. ఆవిడ దాన్ని చీటీ మీద తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాయించి పర్సులో పెట్టుకుంది.

మీరు చెయ్యాల్సినవి రెండు. ఆ వాక్యం సవరించి ఒక చిన్న పెట్టె వెయ్యండి. ఆ పెట్టెలోనే, సాయంత్రాలు రెండుగా కనిపించి ఒక కన్ను మూస్తే ఒకటైపోయేవాళ్ళు కళ్ళజోడు షాపుతో ఆగకుండా నరాల డాక్టరుకి చూపించుకోవాలనీ, రాత్రి నేల మీద పడుకుని లేచినవాళ్ళ రెప్పలు వాలుతుంటే నిద్రమత్తు అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలనీ వెయ్యండి. మా కాశీనగర్, గుమ్మ వైపు మీ పేపరు చదివేవాళ్ళు ఇంకా ఉన్నారు. తెలుగు బళ్ళు తగ్గిపోతున్నాయి కానీ, తెలుగు చదివే ముసలాళ్ళం ఉన్నాం.

ఇంకొకటి. మొన్న ఆదివారం మూడో పేజీలో వేసిన రథయాత్ర ఫొటోలో రథానికి రెండు శిఖరాలు కనిపిస్తున్నాయని మా ఆవిడ అంది. నాకు గుండె ఝల్లుమంది. మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నానంది. కుడి కన్ను మూసి చూడమన్నాను, రెండే ఉన్నాయి. ఎడమ కన్ను మూసి చూడమన్నాను, అప్పుడూ రెండే. నేను చూశాను, నాకూ రెండే. ఎరుపు ఒక చోట, నీలం ఇంకో చోట పడ్డాయి. ఈసారి తేడా మీ ప్రెస్సులోనే ఉంది, చూపించుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక రిటైర్డు లైన్‌మేన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా